ముకుతాడు కోసిన ఎద్దు

లూదియా ప్రతి ఆదివారం చర్చికి పోయేది. పాటలు అందరికంటే గట్టిగా పాడేది. ప్రార్థనలో తప్పు చేసినవాళ్ళను క్షమించే మాట వచ్చే చోట మాత్రం నోరు మూసుకునేది. ఆ మాట దాటాక మళ్ళీ అందరితో కలిసేది. ఉపదేశి పరంజ్యోతి ఆ మౌనాన్ని ఏడేళ్ళు విన్నాడు. చిన్న చర్చి అది. ముందు వరసలో గట్టి గొంతు ఆగిపోతే గోడలకు కూడా తెలుస్తుంది.

ఆమె నోరు అక్కడ మూతబడడం 1953లో, శివరాత్రి తర్వాతి ఆదివారం మొదలైంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డుకు మైలు లోపల వాళ్ళ పల్లె. నంద్యాలకు ఐదు క్రోసులు. ఊళ్ళో పెద్దిల్లు పుల్లయ్యది. నల్లరేగడి భూములు, నాలుగు బండ్లు, నాలుగు జతల ఎద్దులు ఉన్నా ఆయన పేరు చుట్టుపక్కల వినబడింది ఒక్క జత వల్లనే. శివరాత్రి తిరునాళలో ఎద్దులతో బండరాయి లాగించే పందెం పెడతారు. పుల్లయ్య జత మూడేళ్ళు వరసగా గెలిచింది. ఆ జతను మేపి, కడిగి, రాయి లాగడం నేర్పింది లూదియా మొగుడు ఏలీయా. కాడికి ఎడమవైపు కట్టే దాపటెద్దు పేరు సింగడు. తెల్లగా, వెనక్కి వంగిన కొమ్ములతో ఉండేది. ఏలీయా ఈల వేస్తే మేత మధ్యలో కూడా తల ఎత్తేది.

పందేనికి ముందు మూడు రోజులు ఆ జతను ఎవరి కంటా పడనిచ్చేవాళ్ళు కాదు. దిష్టి తగులుతుందని లోపలి కొట్టంలో కట్టి, తలుపు వేసి, ఉలవలు పెట్టేవాళ్ళు. ఆ మూడు రోజులు ఎద్దులు ఎక్కడున్నాయో ఊళ్ళో ఎవరూ అడగరు, ఇంటివాళ్ళు చెప్పరు.

శివరాత్రికి ముందు రోజు పొద్దున ఏలీయా గడ్డివామి మీది నుంచి జారి, కింద నిలబెట్టిన బండి నొగ మీద కడుపానించి పడ్డాడు. పైకి గాయం లేదు. కడుపు మాత్రం రాయిలాగా గట్టిపడుతోంది. నంద్యాల పోయే బస్సు అప్పటికే వెళ్ళిపోయింది, మళ్ళీ సాయంత్రమే. లూదియా పెద్దింటి అరుగు దగ్గరకు పరిగెత్తింది.

"బండి కట్టియ్యప్పా. ఆసుపత్రికి తీసుకపోవల్ల."

"బండ్లు పత్తి ఏసుకోని నంద్యాలకు పోయినాయి గదమ్మే. మాపటికి వస్తాయి."

"ఒక బండి ఈడ్నే ఉండాదప్పా. దాని మీదనే పడినాడు ఆయప్ప. లోపలి కొట్టంలో జత గూడా ఉండాది."

పుల్లయ్య కోప్పడలేదు. గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "రేపు పందెం. ఐదు క్రోసులు పోయొస్తే ఎద్దులు అలిసిపోతాయి. మంచం మీద మోసుకపోండి. మీ వాడలో మగోళ్ళకు కరువా?"

నలుగురు మంచాన్ని భుజాలకెత్తుకున్నారు. లూదియా పక్కన నడుస్తూ కొంగుతో మొగుని మొహం మీద నీడ పట్టింది. నంద్యాల ఇంకా క్రోసు దూరం ఉందనగా ఏలీయా కళ్ళు తెరిచి, "సింగనికి నీళ్ళు పెట్టినారా?" అని అడిగాడు. అంతే, మళ్ళీ మాట్లాడలేదు.

మరునాడు ఏలీయాను మట్టి చేస్తుంటే తిరునాళ డప్పులు వినబడ్డాయి. పుల్లయ్య జత నాలుగోసారి గెలిచింది.

ఊరు పుల్లయ్యను అడగకుండా ఏం లేదు. ఆయన జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. "ఇంట్లో ఎద్దులే లేవు. పందెం జతను గూడా దిష్టి తగలకూడదని గడివేములకు, మా బామ్మర్ది ఇంటికి తోలించింటి. తెల్లారి వచ్చినాయి. ఉంటే ఇయ్యకుందునా?" ఎద్దులు ఎక్కడ ఉండేదీ ఎవరికీ తెలియని రోజులు అవి. ఊరు నమ్మింది. లూదియా ఎద్దులను కొట్టంలో చూశానంటే, పాపం మొగుడు పోయిన బాధలో ఏదో అంటోంది అన్నారు. వాడలో కూడా కొందరు అట్లాగే అన్నారు.

మొగుడు పోవడం కంటే ఈ మాట ఆమెను ఎక్కువ కాల్చింది. పుల్లయ్య తన నోటితో, నలుగురి మధ్య, నిజం చెప్పాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. అది ఎట్లా జరుగుతుందో మాత్రం తెలియదు. రెండేళ్ళు ఆమె పెద్దింటి చేలో అడుగు పెట్టలేదు. వేరే ఊళ్ళకు కూలికి పోయింది.

1955 ఉగాదికి ముందు రోజు మధ్యాహ్నం పెద్దింటి నుంచి ఓబయ్యకు పిలుపు వచ్చింది. ఓబయ్య ఏలీయా నాయన. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోయే పని ఆయనది, తోలు ఆయనది. దానికొక పద్ధతి ఉంది. గొడ్డు చచ్చాక యజమాని తన చేత్తో దాని ముకుతాడు కోసి, మెడలో గంట విప్పుకుంటాడు. తాడు తెగిందంటే ఇంటికీ ఆ గొడ్డుకూ తెగిపోయినట్టే. తర్వాత ఇంటిల్లిపాదీ తలకు పోసుకుంటారు. అప్పట్నుంచి గొడ్డు వాడవాళ్ళది.

ఆరోజు పడిపోయింది సింగడు. ఎండలో పొద్దున నుంచీ సాధన చేయించారు. రాయి లాగుతూనే ముందుకాళ్ళ మీద కూలబడి, నోట నురగతో ఒరిగిపోయింది. కుడి జబ్బ వాచింది. నీళ్ళు చల్లినా లేవలేదు. తెల్లారితే పండగ. పండగ పూట దొడ్లో గొడ్డు చస్తే ఏడాదంతా ఇంటికి కీడని ఆ ఇంటి నమ్మకం. పుల్లయ్య ఆగలేకపోయాడు. ఎద్దు ఇంకా ఊపిరి తీస్తుండగానే కొడవలి తీసుకుని ముకుతాడు కోసేశాడు. గంట విప్పుకున్నాడు. "బేగా తీసుకపో ఓబయ్యా" అని స్నానానికి లోపలికి పోయాడు.

నలుగురు సాయం పట్టి చెక్క మీద వేసి ఈడ్చుకొచ్చారు. వాడ బయట చింతచెట్టు కింద దించారు. ఓబయ్య కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. లూదియా వచ్చి నిలబడింది. మొగుని ప్రాణం కంటే ఎక్కువైన ఎద్దు ఇది. దీని చావు చూడాలనే వచ్చింది. సింగడు కన్ను తిప్పి ఆమెను చూసింది.

"మామా, ఊపిరి ఉండాది."

"ఉండాది. పొద్దుగూకేలోగా పోతాది. అందుకే కూచున్నా."

"పోనీకు. నీళ్ళు త్యా."

"ఏందీ?" ఓబయ్య కత్తి పక్కన పెట్టాడు. "నీ మొగునికి ఇయ్యని ఎద్దమ్మే ఇది. దీని మీద జాలేంది నీకు?"

"జాలి గాదు మామా. ఇది సచ్చిపోతే ఆయప్ప ఇంకొకటి తెచ్చుకుంటాడు. మర్సిపోతాడు. ఇది బతకల్ల. బతికి ఆ ఇంటి ముందర దినామూ నడవల్ల."

ఓబయ్య కోడలి మొహం చూశాడు. కడవ తీసుకుని వాగుకు పోయాడు. ఈడ్చుకొచ్చిన చెక్క మీద తెగిన ముకుతాడు ముక్క పడి ఉంది. లూదియా దాన్ని తీసి, దుమ్ము దులిపి, కొంగున ముడేసుకుంది.

పెద్ద ఎద్దు పడుకున్నచోటే ఉండిపోతే ఒళ్ళు పుండ్లు పడి చస్తుంది. పూటకు రెండుసార్లు పక్క మార్చాలి. వాడలోని ఆడవాళ్ళను పిలిచి, కడుపు కింద గోనెలు దూర్చి, "ఊ, లాగండి" అని మార్పించేది లూదియా. జబ్బకు వేడి ఇటుక కాపడం పెట్టేది. వేపనూనెలో పసుపు కలిపి పట్టేది. వెదురుగొట్టంతో అంబలి తాగించేది. మొదట మూడు రోజులు అంబలి చెంపల వెంట కారిపోయింది. నాలుగో రోజు మింగింది.

పని చేసినంతసేపూ ఎద్దును తిట్టేది. "తాగు, నీ మొహం మండ. ఏలీయా నీ కోసం ఎంత గడ్డి కోసిండె! పోయేటప్పుడు గూడా నీ పేరే. నా పేరు గాదు, నీ పేరు. తాగు. నువ్వు లేసేదాకా నిన్ను సావనీను." తిడుతూనే ఈగలు వాలకుండా కొంగుతో విసిరేది. చూసిన ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు.

నలభై రోజులకు సింగడు లేచి నిలబడింది. కుడికాలు కొంచెం ఈడ్చేది. లూదియా దానికి కొత్త ముకుతాడు పెట్టలేదు. ఎవరు పెట్టమన్నా వినలేదు. మెడకు మెత్తని తలుగుతాడు మాత్రం వేసి, దాని మీద ఏలీయా ఎర్ర తలగుడ్డ చుట్టింది. మరునాటి నుంచి వాగుకు దగ్గరి దారి వదిలిపెట్టి, పెద్దింటి వీధిలోంచి తోలుకుపోవడం మొదలుపెట్టింది.

మొదటిరోజు పుల్లయ్య అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. చేతిలోని వేపపుల్ల ఆగిపోయింది.

"ఏమ్మే, అది సింగడు గదా?"

ఓబయ్య తరంవాళ్ళు పెద్దింటివాళ్ళను "సామీ" అనేవాళ్ళు. లూదియా "అప్పా" దగ్గర ఆగేది. ఆ కింది మెట్టు దిగేది కాదు.

"సింగడు సచ్చిపాయె గదప్పా. ఇది మా వాడ ఎద్దు."

"బాగుండాదే!"

"బాగుండాది. మా కాడ ఉలవల్లేవు, అంబలే. అయినా బాగుండాది."

ఎదురింటి అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. దినామూ అదే దారి, అదే వేళ. తర్వాత తర్వాత పుల్లయ్య పళ్ళు తోముకోవడం దొడ్లోకి మార్చుకున్నాడు.

అసలు దెబ్బ వేరే వచ్చింది. సింగని జతెద్దు ఇంకో ఎద్దుతో కలవలేదు. రెండు కొత్త ఎద్దులను తెచ్చి పక్కన కట్టారు. అది అడుగు వెయ్యదు. కొరడా తగిలితే పక్కకు తిరిగి, ఎడమవైపు వాసన చూసి, అట్లాగే నిలబడేది. ఆ వేసవిలో పక్క ఊళ్ళ తిరునాళ్ళు రెండింటిలోనూ పుల్లయ్య రాయి గీత దాటలేదు. సింగడిని తెస్తే తప్ప లాభం లేదని ఆయనకు తెలిసిపోయింది.

ముందు ఉపదేశి పరంజ్యోతితో కబురు పంపాడు. మెత్తని మనిషి పరంజ్యోతి. చింతచెట్టు కింద కూర్చుని చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"లూదియమ్మా, పగ మనిషిని తినేస్తాది. ఎద్దును ఇచ్చేయి. క్షమించడం మన ధర్మం."

"క్షమిస్తానయ్యగారూ. ఆయప్ప వచ్చి, నేను తప్పు చేసినా అననీండి. తప్పు చేయలేదంటాండాడే, యాడికని క్షమించేది? లేనిదాన్ని ఎట్ల క్షమిస్తారు?"

పరంజ్యోతి లేచాడు. సింగని నుదురు ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

తర్వాత చావిడిలో పంచాయితీ పెట్టించాడు పుల్లయ్య. ఊరి పెద్ద గురవయ్య, మరో నలుగురు అరుగు మీద. వాడవాళ్ళు కింద, వేపచెట్టు నీడ చివర. లూదియా సింగడిని వెంట తెచ్చి, పక్కన నిలబెట్టుకుంది.

పుల్లయ్య లేచాడు. "ఎద్దు నాది. రోగంతో పడింటే ఈయమ్మి సాకింది, కాదన్ను. రెండు మూటలు జొన్నలిస్తా. తోలియ్యమనండి."

"నీది అని ఎట్ల చెప్తావప్పా?" అంది లూదియా. తలవంచుకునే అంది.

పుల్లయ్య మొహం ఎర్రబడింది. "ఎట్లనా? దూడప్పట్నుంచి నా చేత్తో పెంచినా! ఆవు పాలు చేపకపోతే మేకపాలు పట్టినా. ఆ ఎద్దు మీద ఈగ వాలనీలేదు. వానొస్తే దాని కొట్టం కప్పి, నా ఇల్లు కారనిచ్చినా. పందెం ముందర మూడు దినాలు లోపలి కొట్టంలో కట్టి, నేనే కాపలా పండుకుంటి. గడప దాటనిచ్చినానా? ఊరు దాటనిచ్చినానా? ఏ ఏడూ తప్పలేదు. ఒక్క ఏడు గూడా!"

"ఏలీయా సచ్చిన ఏడు గూడానా అప్పా?"

"ఆ ఏడు గూడా నేను..."

అక్కడ ఆగిపోయాడు. గురవయ్య చుట్ట నోట్లోంచి తీశాడు.

"పుల్లయ్యా, ఆ ఏడు గడివేములకు తోలించినానంటివే?"

పుల్లయ్య తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "అది... అదేదో జరిగిపాయె. ఇప్పుడు ఎద్దు సంగతి మాట్లాడండి."

లూదియా సింగని మెడ పట్టుకుంది. రెండున్నరేళ్ళు ఎదురుచూసిన మాట, సగం మాటగానే అయినా, నలుగురి చెవుల్లో పడింది. కాని అంతటితో వదలలేదు. కొంగు ముడి విప్పి, తెగిన తాడు ముక్కను అరుగు మీద పెట్టింది.

"ఇది ఎవురి ఎద్దు ముకుతాడప్పా?"

"నాదే."

"ఎవురు కోసిరి?"

పుల్లయ్య నేల చూశాడు. "నేనే."

గురవయ్య తాడు ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ముసలాయనకు పాత పద్ధతులు కంఠతా వచ్చు. "ఒక్క మాట చెప్పు పుల్లయ్యా. కోసినప్పుడు ఎద్దు సచ్చిందా, బతికిందా? సచ్చింటే అది వాడది. బతికింటే నీదే, తోలుకపో. కాకపోతే ఊపిరున్న ఎద్దుకు తాడు కోసి ఈడ్పించినోడు పాపం పోయేదానికి మెడకు పలుపు కట్టుకోని, నోరెత్తకుండా ఏడూళ్ళు అడుక్కోని రావల్ల. మా నాయన కాలంలో నేను చూసినా. ఏదో ఒకటి చెప్పు."

పెద్దింటి పుల్లయ్య మెడలో పలుపుతో గడప గడపా తిరగడం అందరూ మనసులో ఒకసారి చూసుకున్నారు. ఆయన కూడా చూసుకున్నాడు.

"సచ్చింది" అన్నాడు, లోపల్లోపల.

"గట్టిగా చెప్పప్పా. మా మామకు చెవుడు" అంది లూదియా.

ఓబయ్యకు చెవుడు లేదు. వెంటనే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏందీ సామీ? వినబళ్ళేదు."

"సచ్చిందంటి గదరా!"

సింగడు తోక విదిలించి, పుల్లయ్య వైపు తల తిప్పి, గట్టిగా ముక్కు చీదింది. చావిడి అంతా గొల్లుమంది. పెద్దమనుషులు కూడా ఆపుకోలేకపోయారు.

ఆ పంటకారు పెద్దింటి చేలోకి వాడ నుంచి ఒక్కరినీ కూలికి పిలవలేదు. వాడ శిరివెళ్ల దాకా నడిచిపోయి పని చేసుకుంది. జొన్న కోతకొచ్చాక మనుషులు చాలక పుల్లయ్యే పిలిపించాడు. లూదియా మాత్రం పోలేదు.

ఆమెకు వేరే పని దొరికింది. పాత చక్రాలు రెండు సంపాదించి, ఓబయ్య చేత ఒంటెద్దు బండి కట్టించింది. వాడలో ఎవరికి ఒళ్ళు బాగాలేకపోయినా, కాన్పు కష్టమైనా ఆ బండి నంద్యాల ఆసుపత్రికి పోయేది. సింగనికి ముకుతాడు లేదు, కొరడా లేదు. వీపు మీద అరచేయి పెట్టి "పోదాం" అంటే నడిచేది. ప్రతిసారీ బండి పెద్దింటి ముందరికి వచ్చాక లూదియా ఆపేది. పుల్లయ్యకు వినబడేటట్టు, బండిలో ఉన్నవాళ్ళతో చెప్పేది. "కాసేపు ఉండండి. ఎద్దు అలిసిపోతాది."

కాన్పు నొప్పులు పడే మనిషి బండిలో ఉంటే మాత్రం ఆపేది కాదు. ఆ మాట ఒక్కటి అరిచి, సాగిపోయేది.

ఆమె దొడ్డికి ఇంకా జీవాలు చేరాయి. అన్నిటికీ వెనక ఒక మనిషి ఉండేవాడు. కరణం కర్రతో నడుం విరగ్గొట్టిన కుక్క. ఉప్పు బేరగాళ్ళు రోడ్డు పక్కన వదిలిపోయిన కుంటి గాడిద. తల్లి చచ్చిందని కుప్పలో పారేసిన మేకపిల్ల. అన్నిటినీ సాకి, నడక రాగానే కొట్టినవాళ్ళ, పారేసినవాళ్ళ గుమ్మాల ముందు తిప్పేది. కుక్కను "కరణం కుక్కా, రా" అని వీధి మధ్యలో పిలిచేది. కరణం వీధి మార్చాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఊళ్ళో గొడ్డును కొట్టబోయే చెయ్యి ఒకసారి అటూ ఇటూ చూసి ఆగడం అలవాటైంది. దాన్ని దయ అనలేం. రేపు అది లూదియా వెంట తన గుమ్మం ముందుకు వస్తుందన్న భయమే.

1960లో, వానలు మొదలైన వారంలో సింగడు చచ్చిపోయింది. రాత్రి మేత ముట్టలేదు, తెల్లారేసరికి కాళ్ళు చాచి ఉంది. ఓబయ్య కత్తి తీయలేదు. అడగకుండానే పార తీసుకుని చింతచెట్టు పక్కన గుంట తవ్వడం మొదలుపెట్టాడు. లూదియా ఎద్దు తల పక్కన కూర్చుంది. ఆరోజు గంజి తాగలేదు. ఈగలను విసురుతూనే ఉంది.

మధ్యాహ్నానికి కబురు పెద్దింటికి చేరింది. పుల్లయ్య ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ వాడ దరిదాపులకు రాని మనిషి. ఐదేళ్ళలో జుట్టంతా నెరిసింది. చింతచెట్టుకు ఇరవై అడుగుల ఇవతల, వాడ హద్దురాయి దగ్గర ఆగాడు. చేతిలో ఒక గుడ్డమూట. అందులో పసుపు, కొత్త కండువా, సింగని మెడలోంచి ఆనాడు విప్పుకున్న ఇత్తడి గంట ఉన్నాయి.

"లూదియా" అన్నాడు. "ఒక్కసారి చూసిపోతా. మేకపాలు పట్టి పెంచినా దాన్ని."

లూదియా లేచి హద్దురాయి దాకా వచ్చింది. ఆయనకూ ఎద్దుకూ మధ్యలో నిలబడింది.

"దేన్నప్పా?"

"సింగణ్ణి."

"మీ సింగడు ఐదేండ్ల కిందనే సచ్చిపాయె గదప్పా. పంచాయితీలో మీరే చెప్పిరి, రెండుతూర్లు. ఇల్లంతా తలకు పోసుకుంటిరి. ఏడ్సాలంటే ఆపొద్దే ఏడ్సల్ల."

పుల్లయ్య ఆమె భుజం మీదుగా చూడబోయాడు. ఆమె ఒక అడుగు పక్కకు జరిగి ఆ సందు కూడా మూసేసింది. వెనక ఓబయ్య పార మట్టిలో దిగుతున్న చప్పుడు వినబడుతోంది. పుల్లయ్య మూటను హద్దురాయి మీద పెట్టి వెనక్కి తిరిగాడు. మొహం తుడుచుకోవడం వాడలో అందరూ చూశారు.

ఏలీయా ఎర్ర తలగుడ్డను సింగని మెడకే ఉంచి మట్టి కప్పారు.

మూట రెండు రోజులు రాయి మీద వానలో నానింది. పసుపు కారిపోయింది. మూడో రోజు లూదియా పోయి గంట ఒక్కటే తీసుకుంది. మరుసటి వారం వాడలో ఒక ముసలామెకు చూపు కోసం నంద్యాల పోవలసి వచ్చింది. బండికి కుంటి గాడిదను కట్టింది లూదియా. నాలుగు తిరునాళ్ళు గెలిచిన ఎద్దు గంట ఇప్పుడు గాడిద మెడలో ఉంది. కుంటి నడకకు అది రెండడుగులకు ఒకసారి ఆగి ఆగి మోగింది.

పెద్దింటి వీధి మలుపు తిరగకముందే అరుగు మీద పుల్లయ్య ఆ చప్పుడు విన్నాడు. ఏళ్ళ తరబడి విన్న గంట. తలెత్తి వీధి చివరికి చూశాడు. బండి వచ్చి ఆయన గుమ్మం ముందు ఆగింది.

"కాసేపు ఉండవ్వా" అంది లూదియా, లోపలున్న ముసలామెతో. "గాడిద అలిసిపోతాది."